ఇంటి ఆక్వేరియానికి బయో ఫిల్టర్ ఎంచుకోవడం ఎలా?

కొత్త ట్యాంకులో వేసిన చేపలు వారం పది రోజుల్లో చనిపోతే అందరూ చేపలు అమ్మిన దుకాణాన్ని తిడతారు. చాలాసార్లు తప్పు ఫిల్టర్ దగ్గరే ఉంటుంది. చేపల మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్ చేస్తుంది. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మారిస్తే నైట్రేట్ అదుపులో ఉంటుంది. ఈ బ్యాక్టీరియాకు ఇల్లు కట్టి ఇవ్వడమే బయో ఫిల్టర్ పని. నీళ్లు తేటగా ఉన్నాయంటే ఫిల్టర్ పనిచేస్తోందని కాదు.

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఉన్నవారు స్పాంజి ఫిల్టర్ (ఎయిర్ పంపు గాలితో ట్యాంకు నీటిని స్పాంజి గుండా లాగేది) తప్ప మరొకటి కొనకూడదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లప్పుడు ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు. క్యానిస్టర్ ఫిల్టర్ మూసి ఉన్న డబ్బా. పంపు ఆగితే కొన్ని గంటల్లోనే లోపల ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ పాడైన నీరంతా చేపల మీదికే వస్తుంది. స్పాంజి ట్యాంకు నీళ్లలోనే ఉంటుంది, బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపుతోనూ పనిచేస్తుంది. రాళ్ల కింద అమర్చే పలక ఫిల్టర్ల జోలికి అసలు పోవద్దు. అడుగున మురికి పేరుకుంటే రాళ్లన్నీ తీయాల్సిందే.

రెండడుగుల ట్యాంకుకు, అంటే సుమారు 55 లీటర్లకు, రెండు స్పాంజీలున్నది తీసుకోండి. రంధ్రాలు మరీ సన్నగా ఉంటే త్వరగా పూడుకుపోతాయి. ఎయిర్ పంపు ట్యూబుకు చెక్ వాల్వ్ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చిన్న బిరడా) పెట్టండి, లేదా పంపును నీటిమట్టం కంటే ఎత్తులో ఉంచండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి వచ్చి పంపు పాడవుతుంది.

ఇక అందరూ చెడగొట్టే దశ. ఫిల్టర్ బిగించిన రోజే చేపలు వేయవద్దు. కొత్త స్పాంజిలో బ్యాక్టీరియా ఉండదు. అది పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. చేపలు లేని ట్యాంకులో రోజూ చిటికెడు మేత వేసి, పంపు ఆపకుండా నడపండి. నీటిని పరీక్షించే టెస్ట్ కిట్‌తో చూస్తే ముందు అమ్మోనియా పెరుగుతుంది. తర్వాత అది తగ్గి నైట్రైట్ పెరుగుతుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు: అమ్మోనియా సున్నాకు వచ్చిందని చేపలు తెచ్చేస్తారు. ఆగండి! నైట్రైట్ కూడా సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపించాలి. అప్పుడు కూడా రెండో మూడో గప్పీ చిన్న చేపలతో మొదలుపెట్టండి. ఒకేసారి పదిహేను చేపలు వేస్తే ఆ భారాన్ని ఉన్న బ్యాక్టీరియా మోయలేదు.

త్వరగా కావాలంటే, జబ్బులు లేని పాత ట్యాంకు ఉన్న స్నేహితుడిని వాడిన స్పాంజి ముక్క అడగండి. తడి ఆరకుండా తెచ్చి కొత్తదాని పక్కన పెట్టండి. సీసాలో అమ్మే బ్యాక్టీరియా మందులకంటే నాకు దీని మీదే నమ్మకం.

మునిసిపల్ కుళాయి నీళ్లలోని క్లోరిన్ చేపలకే కాదు, బ్యాక్టీరియాకూ హాని చేస్తుంది. క్లోరిన్ విరుగుడు చుక్కలు కలపండి, లేదా వెడల్పాటి తొట్టెలో ఒక రోజు నిల్వ ఉంచండి. స్పాంజి పూడుకుపోతే కుళాయి కింద కడగవద్దు, సబ్బు అసలే వద్దు. నీళ్లు మార్చేటప్పుడు ట్యాంకులోంచి తీసిన బకెట్లోనే రెండు మూడుసార్లు పిండి, వెంటనే తిరిగి పెట్టేయండి. రెండు స్పాంజీలుంటే ఒక వారం ఒకటి, మరో వారం ఇంకొకటి.