గిటారుకు సెటప్, కొత్త పికప్: నా అనుభవం

మూడు వర్షాకాలాలు గడిచేసరికి నా ఎలక్ట్రిక్ గిటారు మెడ ముందుకు వంగి, మెడ మీది పన్నెండో ఫ్రెట్ (అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర తీగలు ఎంతగా పైకి లేచాయంటే, ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే బార్ కార్డు పట్టిన ప్రతిసారీ చూపుడు వేలు నొప్పి పుట్టేది. హైదరాబాదులో గిటార్లు బాగుచేసే ఒకరికి ఇచ్చాను. ఆయన ముందుగా మెడ లోపల వంపును సరిచేసే లోహపు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను పావు చుట్టు బిగించి, మెడ కుదురుకున్నాకే బ్రిడ్జి మీద తీగలు ఆనే చిన్న దిమ్మెలైన శాడిళ్ళను దించారు. ఈ వరుస తప్పితే పని మళ్ళీ మొదటికొస్తుంది. తర్వాత పన్నెండో ఫ్రెట్ వద్ద నొక్కి మీటిన స్వరం, అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) ఒకటయ్యేదాకా ఒక్కో శాడిల్‌ను వెనక్కీ ముందుకీ జరిపారు. ఓపికంటే అదీ!

ఇక మిగిలింది హోరు. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగమే పికప్; ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ ఇంట్లోని 50 హెర్ట్జ్ కరెంటు గుర్రును కూడా పట్టేస్తుంది. 1955లో గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్‌లో రెండు చుట్టల దిశలు, వాటి అయస్కాంత ధ్రువాలు పరస్పరం వ్యతిరేకంగా ఉండటం వల్ల హోరు రద్దయి, తీగల నాదం మాత్రం జతకూడుతుంది. అందుకే బ్రిడ్జి దగ్గర పాత పికప్ స్థానంలో సరిపోయే సన్నని హంబకర్ పెట్టించాను. 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్ (శబ్దాన్ని సర్దే నిరోధకం)తో దాని పైస్వరాలు మందంగా వినిపించడంతో 500కు మార్పించాను. ఇప్పుడు ఆంప్లిఫయరు పెంచి, తీగలు ముట్టకుండా కూర్చున్నా గదిలో గుర్రు లేదు.