గెడ్డలో పెట్టిన ఆకుల సంచి: పురుగులు రాకపోతే, ఆకు కుళ్లిపోతే, బరువు తగ్గకపోతే

అరకు, పాడేరు వైపు చిన్న గెడ్డల (కొండవాగుల) మీద చెట్ల నీడ కమ్ముకుని ఉంటుంది, అందుకే నీళ్లలో నాచు అంతగా పెరగదు. అలాంటి చోట పురుగులకు ముఖ్యమైన తిండి గట్టు మీది చెట్లు రాల్చిన ఆకే. దాన్ని ఎంత వేగంగా తింటున్నాయో తెలుసుకోవడానికి ఎండుటాకులు తూచి, వల సంచిలో కట్టి, కొన్ని వారాలు నీళ్లలో ఉంచి తీస్తారు. డిగ్రీ, పీజీ ప్రాజెక్టుకి పెద్ద ఖర్చు లేని పని, కానీ లెక్క తప్పే చోట్లు చాలానే ఉన్నాయి.

సమస్య: ఆకు అలాగే ఉంది, పురుగు ఒక్కటీ లేదు

ముందు సంచి పెట్టి ఎన్ని రోజులైందో చూడండి. వారం కూడా కాకపోతే గెడ్డని తప్పు పట్టొద్దు. ఎండుటాకు నీళ్లలో పడ్డాక మొదటి ఒకటి రెండు రోజుల్లో చక్కెరలు, కరిగే టానిన్లు బయటికి పోతాయి, కొన్ని జాతుల ఆకులు ఇక్కడే పాతిక శాతం దాకా బరువు కోల్పోతాయి. ఆ తర్వాత నీటి శిలీంధ్రాలు ఆకులోకి దిగి దాన్ని మెత్తబరుస్తాయి. ఉత్త ఎండుటాకులో నత్రజని తక్కువ, అరగని లిగ్నిన్, సెల్యులోజ్ ఎక్కువ, కాబట్టి శిలీంధ్రం పట్టి పోషకం పెరిగిన ఆకునే పురుగులు ఇష్టంగా తింటాయి. ఈ శిలీంధ్రాలు ఉన్నాయో లేదో మీరే చూసుకోవచ్చు: రాళ్ల దగ్గర చేరిన నురగని కొంచెం సీసాలో పట్టి మైక్రోస్కోపు కింద పెడితే, నాలుగు చేతులు చాచినట్టుండే బీజాలు కనిపిస్తాయి. శిలీంధ్రాల శాస్త్రవేత్త ఇంగోల్డ్ 1942లో ఇంగ్లండ్ వాగుల్లోని ఆకుల మీద వర్ణించిన గుంపు ఇదే.

పరిష్కారం ఓపిక. ఒక్క సంచి పెట్టి ఒకేసారి తీయకుండా ఎక్కువ సంచులు పెట్టి 2, 7, 14, 28, 42 రోజులకు కొన్ని చొప్పున తీయండి.

రోజులు సరిపోయినా రాలేదా? వల చూడండి. దోమతెర గుడ్డతో కుట్టిన సంచిలోకి పెద్ద పురుగు దూరలేదు. 5 నుంచి 10 మిల్లీమీటర్ల కన్ను ఉన్న వల కావాలి. పక్కనే అర మిల్లీమీటరు కన్నుతో ఇంకో సంచి పెడితే పురుగులు రాని లెక్క తెలుస్తుంది, రెండింటి తేడాలో ఎక్కువ భాగం పురుగుల పనే.

మూడో కారణం ఆకే. జామాయిల్, టేకు, కాఫీ తోటల్లో నీడకి వేసే సిల్వర్ ఓక్ ఆకులు గట్టివి, త్వరగా లొంగవు. మొదటిసారి చేసేవాళ్లు కానుగతో మొదలుపెట్టడం మంచిది, అదీ చెట్టు మీంచి కోసిన పచ్చాకు కాకుండా తనంతట రాలినది.

ఇంకో సంగతి. యూరప్ పుస్తకాల్లో కనిపించినన్ని ఆకు కోసే పురుగులు వేడి దేశాల వాగుల్లో చాలాచోట్ల దొరకవు. ఆకుముక్కలతో గూడు కట్టుకుని మోసుకు తిరిగే కాడిస్‌ఫ్లై లార్వా కొన్ని దొరికితే సంతోషించండి. మన దగ్గర శిలీంధ్రాలు, పీతలు చేసే పనే ఎక్కువ ఉండొచ్చు. పురుగులు తక్కువని ప్రయోగం ఫెయిల్ అయినట్టు రాసేయకండి, అది కూడా ఫలితమే.

సమస్య: ఆకు నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన

సంచి బురదలో కూరుకుపోయి ఆక్సిజన్ అందలేదు. మడుగులోంచి తీసి, నీళ్లు రాళ్ల మీద గలగలా పారే చోట పెట్టండి. అన్ని సంచులూ అలాగే ఉంటే పైకి నడిచి చూడండి, కాఫీ పండు తొక్క తీసిన నీళ్లు కలుస్తుంటే ఆ చక్కెరల్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఆక్సిజన్ అంతా తాగేస్తుంది. అక్కణ్నుంచి దిగువన ఎర్రటి కైరోనమిడ్ (దోమలాంటి, కుట్టని చిన్న ఈగ) లార్వాలు తప్ప పెద్దగా ఏమీ మిగలవు. ఆ నీళ్లు గెడ్డలో కలవకుండా గుంటలోకి మళ్లించమని తోటవాళ్లతో మాట్లాడండి, ఎందుకంటే కింద ఊళ్లో తాగేదీ ఆ నీళ్లే కావచ్చు.

సమస్య: ఆకు తగ్గింది, పురుగులు మాత్రం లేవు

తీసేటప్పుడు జారిపోయి ఉంటాయి. సంచిని నీళ్లలో ఉండగానే సన్న వలలోకి, లేదా జిప్ కవర్‌లోకి తీసుకుని అప్పుడు పైకెత్తండి. వరద వచ్చిందేమో కూడా కనుక్కోండి, ఉధృతికి ఆకు ముక్కలై కొట్టుకుపోతే ఆ లెక్క పురుగుల ఖాతాలో పడుతుంది.

సమస్య: బరువు పెరిగింది

ఒండ్రు. ఆకుని మెల్లగా కడిగి, 60 డిగ్రీల దగ్గర బరువు మారనంత వరకు ఆరబెట్టి తూచండి, అందులో కొంత పొడి చేసి 500 డిగ్రీల మఫిల్ ఫర్నేస్‌లో (ల్యాబ్‌లో ఉండే కొలిమి) కాల్చి, ఒండ్రు కూడా కలిసి ఉండే ఆ బూడిద బరువు తీసేయండి. మొదట్లో పెట్టిన ఆకుకి కూడా ఇదే లెక్క కట్టాలి. అలాగే కొన్ని సంచుల్ని గెడ్డ దాకా తీసుకెళ్లి, తడిపి, అదే రోజు వెనక్కి తెచ్చి తూస్తే మోసుకెళ్లడంలో రాలిన ముక్కల లెక్క తేలుతుంది. ఇది చాలామంది వదిలేస్తారు, వదలకండి.