గాలం సామాను సర్దుకోవడం ఎలా? తుప్పు పట్టకుండా, చిక్కు పడకుండా దాచే పద్ధతి

తడిసిన స్పూన్ ఎరను (చెంచా ఆకారపు లోహపు ఎర) ఒక్కదాన్ని డబ్బాలో వేసి మూత బిగించి వదిలేయండి. రెండు వారాల తర్వాత తెరిస్తే ఆ గడి అడుగున గోధుమరంగు మరక, అందులో మూడుకొక్కేల ముల్లు ఆకారం అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. పక్క గడిలో ఒక్కసారి కూడా నీళ్లు చూడని కొత్త ముళ్ల మీద కూడా ఎర్రటి చుక్కలు మొదలై ఉంటాయి. గట్టి మూత ఉన్న డబ్బాలో తడి బయటికి పోదు. ఆవిరై లోపలంతా పరుచుకుంటుంది. చాలామంది దగ్గర గాలం సామాను నీళ్లలో కన్నా ఇలా డబ్బాలోనే ఎక్కువ పాడవుతుంది. అందుకే కింద చెప్పే పనులన్నిటికీ మూలం ఒక్కటే: తడిసిన వస్తువు పూర్తిగా ఆరేవరకు పొడి డబ్బా ముఖం చూడకూడదు.

సర్దడానికి కూర్చునే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి: మధ్య అడ్డాలు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు మూడు నాలుగు, జిప్ కవర్లు, పెద్ద పిన్నీసులు అర డజను, కాగితపు టేపు, చెరగని ఇంకు పెన్ను, సిలికా జెల్ పొట్లాలు, మెత్తని పొడి గుడ్డ, ముక్కు పటకారు, రీలు నూనె, గ్రీజు. మొదటిసారి సర్దడానికి ఒక పూట పడుతుంది. ఆ తర్వాత వేటకు వెళ్లొచ్చిన ప్రతిసారీ పావుగంట చాలు.

దశ 1: అన్నీ బయట పెట్టి ఏరండి

బల్ల మీద పెద్ద ప్లాస్టిక్ ట్రే గానీ పాత వార్తాపత్రికలు గానీ పరవండి. గుడ్డ మాత్రం వద్దు, ముళ్లన్నీ దానికే గుచ్చుకుంటాయి. డబ్బాలు బోర్లించి ముళ్లు, గుండ్లు, బెండ్లు, స్వివెళ్లు (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లంకెలు), గట్టి ఎరలు, రబ్బరు ఎరలు, దారం చుట్టలు వేర్వేరు కుప్పలుగా పెట్టండి. చిక్కుపడిపోయిన కుప్పను ఓపిగ్గా విప్పే ముందు, అందులో పనికొచ్చే ముల్లు ఉందో లేదో చూడండి. లేకపోతే దారం కోసేయడమే మంచిది.

ముల్లు మీద తుప్పు గుడ్డతో గట్టిగా తుడిస్తే పోతే పర్వాలేదు. వంపు దగ్గర గానీ మొన దగ్గర గానీ చిన్న గుంటలు పడితే దాన్ని తీసేయండి. బరువు పడినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. మొన పదును చూడటానికి బొటనవేలి గోరు మీద ఆనించి తేలిగ్గా లాగండి. గోటిలో దిగి ఆగితే పదును ఉన్నట్టు, జారిపోతే మొద్దుబారినట్టు. గట్టి ఎరకు ఉన్న ముల్లు పాడైతే ఎరను పారేయనక్కర్లేదు, రింగు విప్పి ముల్లు ఒక్కటే మార్చుకోవచ్చు. పారేసే ముళ్లను మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి పారేయండి. చెత్తబుట్టలో విడిగా వేస్తే ఎవరి చేతికో గుచ్చుకుంటాయి.

దశ 2: డబ్బా సైజు, గడులు

అన్నీ పట్టే ఒక్క పెద్ద పెట్టె చూడటానికి బాగుంటుంది గానీ వాడకంలో బరువు. అడుగున ఏముందో తెలియదు, ఒకసారి బోర్లా పడితే సర్దిందంతా కలిసిపోతుంది. పలకల్లా ఉండే చిన్న డబ్బాలు కొని ఒక సంచిలో నిలువుగా పెట్టుకోవడం మేలు. మార్కెట్లో ఎక్కువగా దొరికేవి రెండు సైజులు: సుమారు 11 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు ఉన్నది ఒకటి, 14కి 9 అంగుళాలు ఉన్నది ఇంకొకటి. లోతు రెండు అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. చిన్న సామానుకు మొదటిది, పొడుగాటి ఎరలకు రెండోది సరిపోతాయి.

కొనేటప్పుడు జరిపే అడ్డాలను ఒకసారి పరిశీలించండి. అడ్డం అడుగుకు ఆనకుండా ఒక మిల్లీమీటరు సందు ఉన్నా చిన్న ముళ్లు, సీసపు గుళ్లు కింది నుంచి పక్క గడిలోకి జారిపోతాయి. మొదటి ప్రయాణంలోనే సర్దినదంతా ఏకమవుతుంది. చిన్న వాటికి అడ్డాలు కదలని డబ్బానే ఎంచుకోండి. గడిని ముప్పాతిక వరకే నింపండి, వేళ్లు దూరి ఒక్క ముల్లును పట్టుకోగలగాలి.

దశ 3: ముళ్లు, స్వివెళ్లు, గుండ్లు

ముళ్లను సైజు వారీగా పెట్టండి. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడతారు: 10 కన్నా 6 పెద్దది, 6 కన్నా 1 పెద్దది. 1 దాటాక 1/0, 2/0, 3/0 అంటూ అంకె పెరిగేకొద్దీ ముల్లు కూడా పెద్దదవుతుంది. గడి మూత మీద సైజు రాసిన టేపు అంటించండి. వేటకు ఎక్కువగా వాడే సైజులను ఒక్కో సైజుకు ఒక్కో పిన్నీసు చొప్పున, కన్నంలోంచి పిన్నీసు దూర్చి గుచ్చి పెట్టుకుంటే చెయ్యి తడిగా ఉన్నా, వెలుతురు తక్కువైనా ఒక్కొక్కటే తీసుకోవచ్చు.

కట్టి ఉంచుకున్న దారపు ముళ్లను విడిగా వేయకండి, గంటలో జడ అల్లుకుంటాయి. రెండు అంగుళాల మందం ఉన్న నురుగు గొట్టాన్ని ముక్కలుగా కోసి, ముల్లును నురుగులో గుచ్చి దారాన్ని చుట్టూ చుట్టి చివరను గుండుసూదితో నిలపండి. గట్టిగా బిగించకూడదు, నైలాన్ ఆ వంపులోనే ఉండిపోతుంది. ఏ ముల్లు, ఎంత పొడవు, ఎన్ని కిలోల బరువు ఆపే దారమో నురుగు చివర రాసిపెట్టండి.

సీసపు గుండ్లకు వేరే డబ్బా తప్పనిసరి. సీసం విషం. తిండి సామాను, ఎర పిండి, పిల్లల చేతులు దాని దగ్గరికి రాకూడదు. చీలిక గుళ్లను పళ్లతో నొక్కి బిగించే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి, పటకారు ఉన్నది అందుకే. పాత గుండ్ల మీద తెల్లటి పొడి కనిపిస్తే దులపకుండా తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. బరువైన ఈ డబ్బా సంచిలో అన్నిటికన్నా అడుగున ఉండాలి.

దశ 4: గట్టి ఎరలు

రంగు వారీగా సర్దితే అందంగా ఉంటుంది గానీ నీళ్ల దగ్గర మనకు కావలసింది ఎర ఎంత లోతున ఈదుతుందన్నది. పైన తేలేవి ఒక డబ్బా, మీటరు లోతు లోపు తిరిగేవి ఒకటి, లోతుకు దిగేవి ఒకటిగా పెట్టండి. రంగు ఆ తర్వాత చూసుకోవచ్చు. మూడుకొక్కేల ముళ్లు ఒకదానికొకటి పెనవేసుకోకుండా ఒక్కో గడిలో ఒక్కో ఎర పెట్టండి. చోటు లేకపోతే ముళ్లకు ప్లాస్టిక్ తొడుగులు వేయండి, లేదా చిన్న రబ్బరు బ్యాండుతో ముళ్లను ఎర ఒంటికి ఆనించి కట్టండి.

ఉప్పునీళ్లలో వాడినవి పొడిగా కనిపించినా నమ్మకండి. నీళ్లు ఆరాక ముల్లు మీద ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుని మళ్లీ తడి చేస్తుంది. డబ్బాలో పెట్టిన వారానికి తుప్పు కనిపించడానికి అసలు కారణం ఇదే. మంచినీళ్లలో కడిగి, కళ్లకు కనిపించని రింగు సందుల్లోని నీరు పోయేలా విదిల్చి, నీడలో రాత్రంతా ఆరనివ్వండి. చెక్క ఎరలను ఎండలో పెట్టకండి, రంగు పగిలి లోపలికి నీరు దిగుతుంది.

దశ 5: రబ్బరు ఎరలు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడ, కాబట్టి కాస్త వివరంగా. రబ్బరు పురుగులు అని మనం పిలిచే వాటిలో చాలా వరకు రబ్బరు ఉండదు. మెత్తగా ఉండటానికి నూనెలాంటి రసాయనం కలిపిన ప్లాస్టిక్ అది. ఆ నూనె మెల్లగా బయటికి ఊరుతుంది. కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్‌కు అది తగిలితే ప్లాస్టిక్ కరిగి జిగురవుతుంది. డబ్బా అడుగు, ఎర, పక్కనున్న గట్టి ఎర మీది రంగు, మూడూ ఒకటే ముద్దవుతాయి. దాన్ని విడదీసే మార్గం లేదు. పాలీప్రొపిలీన్ డబ్బాలకు ఈ ఇబ్బంది ఉండదు. ఏ ప్లాస్టికో తెలియనప్పుడు ఎరలను వాటితో వచ్చిన కవర్లలోనే ఉంచి, ఆ కవర్లను నిలువుగా ఒక పెట్టెలో ఫైళ్లలా పేర్చుకోండి.

రంగులు కూడా ఒకదాని నుంచి ఒకదానికి పాకుతాయి. తెల్లవాటి పక్కన ఎర్రవి వేస్తే కొన్నాళ్లకు తెల్లవి గులాబీ అవుతాయి, ఆ రంగు కడిగినా పోదు. బాగా సాగే కొత్తరకం ఎరలు కొన్ని వేరే పదార్థంతో చేస్తారు. వాటిని మామూలు రబ్బరు ఎరలతో కలిపితే రెండూ కరుగుతాయి. ఒక్కో రకం, ఒక్కో రంగు దాని కవర్లోనే ఉండాలి. వాడిన ఎరను మళ్లీ ఆ కవర్లో వేసేటప్పుడు తడి తుడవండి. చాలావాటిలో ఉప్పు కలుపుతారు కాబట్టి ముల్లుకు గుచ్చి ఉంచిన ఎరను అలాగే దాచొద్దు, లోపలున్న ముల్లు తుప్పు పడుతుంది.

తోక వంకర పోయిన ఎరను పారేయొద్దు. మరిగించి దించిన నీళ్లలో పటకారుతో పట్టుకుని అర నిమిషం ముంచండి, తోక దానంతట అదే సాగుతుంది. వెంటనే చల్లటి నీళ్లలో వేసి, ఆరాక బల్లపరుపుగా దాచండి.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే. దోమల మందుల్లో ఎక్కువగా ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌ను, ఎరల మీది రంగును కరిగిస్తుంది. ఆ సీసాను వేరే సంచిలో పెట్టండి. రాసుకున్న చేతులను తుడుచుకుని గానీ ఎరలు ముట్టుకోకండి.

దశ 6: దారం

తంగూసుకు, అంటే నైలాన్ దారానికి, ఎండ శత్రువు. కిటికీ పక్క అరలో ఉన్న చుట్ట పైకి కొత్తగానే కనిపిస్తుంది, ముడి బిగించేటప్పుడు పుటుక్కుమంటుంది. చీకటిగా, చల్లగా ఉన్న చోట పెట్టండి. రీలు మీది దారాన్ని మొదటి ఐదారు మీటర్లు తీసి రెండు వేళ్ల మధ్య మెల్లగా లాగి చూడండి. గరుకు తగిలిన చోటి వరకు కోసేయండి. సున్నం పూసినట్టు మసకబారినా, వదిలితే స్ప్రింగులా చుట్టుకుపోతున్నా మొత్తం మార్చే వేళైంది. తరచూ వాడేవాళ్లు నైలాన్‌ను ఏడాదికోసారి మార్చడం మంచిది. అల్లిక దారం చాలా ఏళ్లు ఆగుతుంది. రంగు వెలిసినంత మాత్రాన బలం పోయినట్టు కాదు, పోగులు లేచి పీచులా కనిపిస్తే మాత్రం నమ్మొద్దు.

రీలు పాదం మీద చిన్న టేపు ముక్క అంటించి దారం రకం, ఎన్ని కిలోలు, ఎక్కించిన నెల రాయండి. ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు. కోసేసిన దారాన్ని అరచెయ్యంత ముక్కలుగా కత్తిరించి మూత ఉన్న చెత్తడబ్బాలో వేయండి. పొడుగ్గా బయట పడేస్తే పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది.

దశ 7: రీలు, రాడ్డు

వేట అయ్యాక రీలు డ్రాగ్ (చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుగా జారాలో నిర్ణయించే భాగం) బాగా బిగించి, మంచినీళ్లను సన్నటి ధారగా మీద పోయండి. బిగించకపోతే నీరు డ్రాగ్ వాషర్ల మధ్యకు పోతుంది. గొట్టంతో గట్టిగా కొట్టినా, బకెట్లో ముంచినా ఉప్పు, ఇసుక లోపలికే వెళ్తాయి. తుడిచి ఆరబెట్టాక డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేసి దాచండి. బిగించి వదిలేస్తే వాషర్లు అణిగిపోయి, దారం జారాల్సినప్పుడు కుదుపులతో జారుతుంది. దారం తిరిగే చిన్న రోలరు మీద, హ్యాండిల్ పిడి దగ్గర ఒక్కో చుక్క నూనె చాలు. పళ్ల చక్రాలకు గ్రీజే వేయాలి. ఎక్కువ నూనె పోస్తే లోపలి గ్రీజును కడిగేస్తుంది.

రాడ్డును ముక్కలుగా విడదీసి తుడవండి. తడి రాడ్డును గుడ్డ సంచిలో పెట్టి ముడేస్తే పై పూత బొబ్బలు లేస్తుంది. గోడకు వాలుగా ఆనించి నెలల తరబడి ఉంచితే వంగుతుంది. నిటారుగా నిలపండి, లేదా మూడు చోట్ల ఆధారం ఇచ్చి అడ్డంగా పెట్టండి. దారం వెళ్లే ప్రతి రింగులోంచీ దూదిని లాగండి. పీచు చిక్కుకున్న రింగు లోపల కంటికి కనిపించని పగులు ఉంది, అది ప్రతి విసురుకూ దారాన్ని కోస్తూ ఉంటుంది.

దశ 8: చోటు, సిలికా జెల్

ఆగి ఉన్న కారు డిక్కీ సామానుకు చాలా చెడ్డ చోటు. ఎండవేళ వేడికి రబ్బరు ఎరలు కరుగుతాయి, డబ్బా మూతలు వంకరపోతాయి. నేలకు ఆనకుండా, ఎండ పడకుండా, గాలి ఆడే అర వెతకండి. ఎర పిండి, వాసన ద్రవాలు దగ్గర్లో ఉంటే ఎలుకలు వచ్చి వలను, సంచిని కూడా కొరుకుతాయి. తలకు పెట్టుకునే లైటు నుంచి బ్యాటరీలు తీసేయండి.

ఒక్కో డబ్బాలో 5 గ్రాముల సిలికా జెల్ పొట్లం వేయండి. గాలి వెళ్లే రంధ్రాలున్న డబ్బాలో ఇది వృథా, బయటి తేమనంతా లాక్కుని రెండు రోజుల్లో నిండిపోతుంది. నీలిరంగు గింజలు గులాబీ రంగుకు మారితే తేమ పట్టినట్టు. గింజలను పొట్లంలోంచి తీసి వెడల్పాటి పళ్లెంలో పోసి, 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్లీ నీలంగా మారి పనిచేస్తాయి. ఆ నీలిరంగుకు వాడే కోబాల్ట్ మంచిది కాదు కాబట్టి వాటిని వేడిచేసిన పళ్లెంలో వంట చేయకండి.

ఇక మిగిలింది తిరిగొచ్చిన రోజు పని. సంచిలో మొదటినుంచీ ఒక ఖాళీ డబ్బా ఉంచుకోండి, మూతకు నాలుగైదు రంధ్రాలు పెట్టి, మీద "తడివి" అని రాసి. ఆ రోజు నీళ్లు తగిలిన ప్రతి ముల్లూ, ప్రతి ఎరా అందులోకే వెళ్లాలి. ఇంటికొచ్చాక ఆ ఒక్క డబ్బాలోవి కడిగి, గుడ్డ మీద కాకుండా తీగ జల్లెడ మీద పరిచి, తెల్లారాక వాటి వాటి గడుల్లోకి చేర్చండి.