వానలు పడేలోగా: కుక్కకూ పిల్లికీ ప్రోటోజోవా జబ్బులు సోకకుండా జాగ్రత్తలు

"నట్టల మందు మూడు నెలలకోసారి వేయిస్తున్నాం కదా, ఇంకేం భయం?" అనే మాట వానాకాలం ముందు తరచూ వినిపిస్తుంది. ఆ మందు ఏలికపాముల మీద, కొంకి పురుగుల మీద, బద్దె పురుగుల మీద పనిచేస్తుంది. బబీసియా, జియార్డియా, కోక్సీడియా, టాక్సోప్లాస్మా అసలు పురుగులే కావు, మైక్రోస్కోపు కింద తప్ప కనబడని ఏకకణ జీవులు (ప్రోటోజోవా). నట్టల మందుల్లో ఉండే పైరాంటెల్, ప్రాజిక్వాంటెల్ ఎన్నిసార్లు వేసినా వీటికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

వీటిలో చాలావాటికి ఒక గడువు ఉంది. గోమారు (పిడుదు) అంటుకున్న నిమిషంలోనే సాధారణంగా బబీసియా ఎక్కదు. పిల్లి దొడ్డికి వెళ్లిన వెంటనే ఆ మలం నుంచి టాక్సోప్లాస్మా అంటదు. ఆ గడువు దాటకముందే పని ముగించడంలోనే సగం జాగ్రత్త ఉంది. జియార్డియా మాత్రం గడువు ఇవ్వదు, అందుకే దాని పద్ధతి వేరు.

గోమార్లు (పిడుదులు)

బబీసియాను మోసే గోమారు కుక్క రక్తంలోకి దాన్ని ఎక్కించడానికి మామూలుగా ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజులు పడుతుంది. వేరే కుక్క మీద సగం రక్తం తాగి వచ్చిన గోమారయితే ఇంకా తొందరగా ఎక్కించగలదు. కాబట్టి వారానికోసారి స్నానం చేయించేటప్పుడు చూడటం చాలదు, ప్రతి సాయంత్రం వెతకాలి. చెవుల లోపలి మడతలు, కాలివేళ్ల సందులు, బెల్టు కింద, చంకలు, గజ్జలు, తోక మొదలు చూడాలి. కళ్లతో చూడటం కన్నా వేళ్లతో వెంట్రుకలకు ఎదురుగా తడమడం నయం. చిన్న పిల్ల గోమార్లు కంటికి ఆనవు, వేలికి గింజలా తగులుతాయి.

సన్నని మొన ఉన్న పట్టకారుతో, చర్మానికి ఆనించి, దాని తల దగ్గర పట్టుకుని తిప్పకుండా నిదానంగా, నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. వాటివల్ల గోమారు వెంటనే ఊడదు సరికదా, కుక్క చర్మం పాడవుతుంది. తీసినదాన్ని గోళ్లతో నలపకుండా స్పిరిట్ ఉన్న సీసాలో వేయండి. కింద పడేస్తే కుక్క నాకి మింగుతుంది. హెపటోజోవన్ అనే ప్రోటోజోవా కుక్కకు వచ్చేది గోమారు కుట్టడం వల్ల కాదు, గోమారును మింగడం వల్ల. ఒంటి మీద గోమార్లను పళ్లతో కొరికి తీసుకునే కుక్కలకు అది సోకే దారి అదే.

కుక్క మీద కనబడేవి మొత్తం గోమార్లలో కొన్నే. గోధుమరంగు కుక్క గోమారు కడుపు నిండాక కిందికి దిగి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక, కుక్క పడుకునే గోనె మడతల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. వానలకు ముందే పగుళ్లు పూడ్చండి. పడక గుడ్డల్ని వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. పురుగుమందు కొట్టాల్సి వస్తే ఒక్కసారి కొట్టి ఊరుకోకండి, ఆ తర్వాత పొదిగిన పిల్లల కోసం మళ్లీ కొట్టాలి.

నోటి ద్వారా ఇచ్చే మాత్రల్లో అఫాక్సోలనర్ నెలకోసారి, ఫ్లురాలనర్ సుమారు 12 వారాలకోసారి వేస్తారు. ఫ్లురాలనర్‌ను తిండితో పాటే ఇవ్వాలి, లేకుంటే ఒంటికి సరిగా పట్టదు. గోమారు కుట్టాకే ఈ మందులు దాన్ని చంపుతాయి కాబట్టి, మాత్ర వేశాక కూడా ఒకటీ అరా కనబడటం మందు పనిచేయలేదని కాదు. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు వీటిని వేసే ముందు డాక్టరుకు ఆ సంగతి చెప్పి తీరాలి.

ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకో ముఖ్యమైన మాట. కుక్కల కోసం చేసిన పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లికి విషం. వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. ఆ మందు వేసిన కుక్కను 72 గంటలు పిల్లికి దూరంగా ఉంచండి. పొరపాటున పిల్లికి అంటితే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో కడిగి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

జ్వరం వచ్చాక

తిండి మానేయడం, జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం కాఫీ రంగులో రావడం బబీసియా లక్షణాలు. ఎర్ర రక్తకణాలు పగలడం వల్లే ఆ రంగు. ఇక్కడ తరచూ జరిగే తప్పు: అన్నిటినీ "టిక్ ఫీవర్" అనేసి డాక్సీసైక్లిన్ మొదలుపెట్టడం. డాక్సీసైక్లిన్ ఎర్లీకియాకు మందు, ఎర్లీకియా ఒక బాక్టీరియా. బబీసియాను ఆ మందు ఒక్కటే నయం చేయదు. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. మందు పడకముందే రక్తం స్లైడ్ తీయించండి. చెవి అంచు నుంచి తీసిన చుక్కలో ఈ పరాన్నజీవి దొరికే అవకాశం ఎక్కువ.

ఏ రకం బబీసియా అన్నది కూడా తేలాలి. పెద్ద రకానికి ఇమిడోకార్బ్ కిలోకు 6.6 మి.గ్రా. చొప్పున కండకు ఇచ్చి, 14 రోజులకు మళ్లీ ఇస్తారు. జొల్లు, వాంతులు వస్తాయి కాబట్టి ముందుగా అట్రోపిన్ ఇవ్వడం అలవాటు. చిన్న రకమైన బబీసియా గిబ్సోనైకి అది చాలదు. అటోవాకోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులు వాడతారు. అటోవాకోన్‌ను కొవ్వు ఉన్న తిండితోనే ఇవ్వాలి. గిబ్సోనై కుక్కల కాట్లాటల వల్ల కూడా సోకుతుంది. గోమారు ఒక్కటీ లేని కుక్కకు వచ్చిందంటే పాత కాట్ల గురించి అడగాలి.

పశువుల కొట్టం పక్కన ఉండే కుక్కకు జోరీగల వల్ల సర్రా (రక్తంలో పెరిగే ఇంకో ప్రోటోజోవా జబ్బు) రావచ్చు. జ్వరంతో పాటు కన్ను నీలంగా, మబ్బు పట్టినట్టు కనిపిస్తే కంటి చుక్కలతో సరిపెట్టకండి, రక్తం చూపించండి.

మలం దగ్గర

జియార్డియా సిస్టులు (గట్టి పొరలో ఉండే దాని దశ) మలంతో బయటపడిన క్షణం నుంచే అంటుకుంటాయి. చల్లని తడిలో వారాల తరబడి బతుకుతాయి, పూర్తిగా ఆరితే చస్తాయి. వానాకాలంలో చిక్కంతా ఇక్కడే, ఏదీ ఆరదు. మలం ఎప్పటికప్పుడు ఎత్తేయండి, నీళ్ల గిన్నె రోజూ తోమండి, గుంటల్లో నీళ్లు తాగనీయకండి. గచ్చును ముందు సబ్బుతో కడిగి, తర్వాత ఒక పాలు బ్లీచుకు 32 పాళ్ల నీళ్లు కలిపి వేసి, ఆరేదాకా కుక్కను అటు రానీయకండి. మురికి మీదే బ్లీచు పోస్తే వృథా.

వైద్యానికి ఫెన్‌బెండజోల్ కిలోకు 50 మి.గ్రా. చొప్పున రోజుకోసారి, 3 నుంచి 5 రోజులు ఇస్తారు. నట్టలకని ఒక్క పూట ఇచ్చింది లెక్కలోకి రాదు. చివరి రోజున వెనక భాగం బాగా కడిగేలా స్నానం చేయించాలి. వెంట్రుకలకు అంటిన సిస్టులను నాకితే జబ్బు మళ్లీ మొదటికి వస్తుంది. "మందు పనిచేయలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఈ స్నానం ఎగ్గొట్టినవే.

కోక్సీడియా ఎక్కువగా పాలు మాన్పించే వయసు కుక్కపిల్లలకు, పిల్లి కూనలకు వస్తుంది. వెచ్చని తడిలో దాని ఊసిస్టులు (మలంతో బయటపడే గుడ్డు లాంటి దశ) ఒక్క రోజులో అంటుకునే స్థితికి వస్తాయి. బ్లీచు వీటిని చంపదు, ఆవిరి గానీ మరిగే నీళ్లు గానీ కావాలి. ఈగలు, బొద్దింకలు కూడా మోస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క మలంలో నాలుగు ఊసిస్టులు కనబడితే కంగారు వద్దు. కోడిరెట్ట తిని వచ్చిన కుక్కలో కోళ్లకు వచ్చే కోక్సీడియా రకం ఐమీరియా కూడా అలాగే బయటికి పోతుంది, దానికి మందు అక్కర్లేదు.

టాక్సోప్లాస్మా పిల్లి మలంలో ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, అదీ సాధారణంగా జీవితంలో ఒక్కసారి. ఆ ఊసిస్టులు అంటుకునేలా తయారవడానికి 1 నుంచి 5 రోజులు కావాలి. అందుకే పిల్లి దొడ్డికి వెళ్లే ట్రేను ప్రతిరోజూ ఖాళీ చేసి మరిగే నీళ్లతో కడిగితే చాలావరకు ప్రమాదం పోయినట్టే. గర్భిణులు ఈ పని మరొకరికి అప్పగించాలి, తప్పకపోతే గ్లౌజులు వేసుకోవాలి. పిల్లిని వదిలించుకోవాల్సిన అవసరం లేదు. దాన్ని నిమిరినందువల్ల కన్నా సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, తోట మట్టి వల్లే మనుషులకు ఎక్కువగా వస్తుంది. పిల్లికీ కుక్కకూ పచ్చి మాంసం పెట్టకండి. పాడి ఉన్న చోట ఈనిన ఆవు మాయను కుక్క తినకుండా పాతిపెట్టండి. నియోస్పోరా అనే ప్రోటోజోవా కుక్కకు అలా చేరి, దాని మలం ద్వారా తిరిగి ఆవులకు ఎక్కి ఈసుకుపోయేలా చేస్తుంది.

మలం పరీక్షకు ఒక్క రోజు నమూనా నమ్మదగింది కాదు. జియార్డియా విడతలు విడతలుగా పడుతుంది, కాబట్టి మూడు రోజుల నమూనాలు ఇవ్వండి. జింక్ సల్ఫేట్ ద్రావణంతో తేల్చి చూడమని అడగండి. గాఢమైన ఉప్పు, పంచదార ద్రావణాల్లో సిస్టులు ముడుచుకుపోయి గుర్తుపట్టరాకుండా అవుతాయి. నమూనా ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. కానీ నాలుగైదు పిల్లులున్న ఇంట్లో కూన పిల్లికి జిగట విరేచనాలు ఆగకపోతే ట్రైట్రైకోమోనాస్ అనే ప్రోటోజోవా కోసం ఇచ్చే నమూనాను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి అది చచ్చిపోతే స్లైడు మీద కదలిక కనబడదు. తాజాగానే, గంటలోపు చేర్చండి.