పొయ్యి బంద్ చేసినా గ్యాస్ వాసన పోతలేదా? ముందు నాబ్ పీకి చూడండి

“అన్నా, పొయ్యి బంద్ చేసినం, అయినా వాసనొస్తున్నది.” నల్లగొండలో గ్యాస్ పొయ్యిలు బాగుచేసే నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. నేను అడిగేది ఒకటే: రెగ్యులేటర్ బంద్ చేసిండ్రా? “పొయ్యి బంద్ చేసినం గదన్నా” అంటారు. నేనడిగింది పొయ్యి సంగతి కాదు, గ్యాస్ బండ మీది రెగ్యులేటర్ సంగతి. రెండోసారి అడిగితే అప్పుడు గట్టు కింది తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపిస్తుంది. “ఆ, ఇప్పుడు చేసిన” అంటారు. వంటింట్లో నిలబడి నాతో ఫోన్ మాట్లాడుతూనే!

వాసన ఘాటుగా ఉంటే ముందు రెగ్యులేటర్ తిప్పి బంద్ చేయండి, పొయ్యి మీద వెలుగుతున్నది ఏదున్నా ఆర్పండి, తలుపులు బార్లా తెరవండి. కిటికీ ఒక్కటి తెరిస్తే సరిపోదు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదనే పారుతుంది, గడప దాటి బయటికి పోవాలి. లైటు, ఫ్యాను స్విచ్‌ల జోలికి పోవద్దు. వేసి ఉన్నది వేసి ఉండనీయండి, ఆపినా నిప్పురవ్వ పడుతుంది. ఫోన్ బయటికొచ్చి చేయండి. గ్యాస్ లీకేజీకి 1906 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఇక అసలు పని.

వాసన బండ దగ్గర వస్తే

సబ్బునీళ్లు నురుగొచ్చేదాకా కలిపి రెగ్యులేటర్ చుట్టూ రాయండి. బుడగ లేస్తే లీకు అక్కడే. ఎక్కువసార్లు బండ మూతిలో ఉండే నల్లటి రబ్బరు వాచర్ పోయి ఉంటుంది. కొత్త బండ బిగించిన రోజే వాసన మొదలైతే అనుమానం అక్కర్లేదు, అదే. బండ తెచ్చిన పిల్లగాడిని ఆపి వాచర్ చూపించుకోండి. అగ్గిపుల్ల గీసి లీకు చూసే మొనగాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు నేనేం చెప్పలేను.

రెగ్యులేటర్ తీసినాక కూడా బండ మూతి నుంచి సుయ్‌మంటుంటే లోపలి పిన్ను ఇరుక్కున్నట్టు. దారంతో కట్టి ఉండే మూత గట్టిగా నొక్కి బిగించి, బండను ఆరుబయట నిలబెట్టి, 1906కు చెప్పండి. ఆ పిన్నును మొలతో పొడవొద్దు.

వాసన పైపు పొడుగునా వస్తే

పైపు మీద తేదీ అచ్చేసి ఉంటుంది. నారింజ రంగు సురక్షా పైపుకు 5 ఏండ్లు. దాటితే మార్చండి, పగుళ్లు కనబడేదాకా ఆగడమెందుకు?

వాసన పొయ్యి దగ్గర వస్తే

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

దేవరకొండ రోడ్డు వైపు ఒక పెద్దమ్మ ఇల్లు. పొద్దున లేచి బండ తిప్పంగనే వాసన, రాత్రిపూట ఏమీ ఉండదు. బండ తిప్పినప్పుడే వస్తున్నదంటే రెగ్యులేటరో వాచరో అనుకున్నా. వాచర్ మార్చిన. రెండు రోజులకు మళ్లీ ఫోన్. పైపు మార్చిన, పైసలు కూడా తీసుకున్న. మళ్లీ ఫోన్! మూడోసారి పోతే ఆమె, “కూసో బిడ్డా, చాయ్ తాగు” అని గిన్నె పెట్టింది. పైన ఫ్యాను తిరుగుతున్నది. చాయ్ మరిగినాక సిమ్‌లో ఉన్న నాబ్‌ను తిప్పింది. మంట ఒకసారి పెద్దగై, చిన్నగై, పోయింది. నాబ్ మీది గీత సరిగ్గా బంద్ మీదికే వచ్చింది. కానీ నా చెవికి ‘టక్’ వినిపించలేదు.

రెగ్యులేటర్ బంద్ చేసి నాబ్ పీకిన. లోపల ఇత్తడి కడ్డీ ఉంటుంది, దాని ఒక పక్క చెక్కినట్టు చదునుగా ఉంటుంది. పక్క బర్నర్ నాబ్ కూడా పీకి రెండు కడ్డీలూ పోల్చిన. పక్కదాని చదును నిక్కచ్చిగా పైకి ఉన్నది. దీనిది కొంచెం వాలి ఉన్నది, గోరంత. నాబ్ వెనక్కి తిప్పి చూస్తే ప్లాస్టిక్ రంధ్రం ఒక అంచున పగిలింది, లోపల ఉండాల్సిన స్టీలు క్లిప్పు లేదు. చేయి తిప్పినంత కడ్డీ తిరగడం లేదు, చివర్లో నాబ్ ఒక్కటే జారుతున్నది. మిగిలిన సందులోంచి వచ్చే సన్నటి మంటను ఫ్యాను గాలి ఊదేస్తున్నది, మంట లేని గ్యాస్ వస్తూనే ఉన్నది.

మరి రాత్రి వాసన ఎందుకు రాలేదు? ఆమె పడుకునే ముందు బండ బంద్ చేసేది. పొద్దున తిప్పంగనే తెరిచే ఉన్న ఆ సందులోంచి గ్యాస్ బర్నర్ పైకి వచ్చేది. తప్పు నాబ్‌ది, అనుమానం రెగ్యులేటర్ మీద. ఆ అలవాటు లేకపోతే తెల్లారేదాకా గ్యాస్ వంటింట్లో నిండేది.

మన దిక్కు ఈ రోగం ఎక్కువ. జొన్న రొట్టెల కోసం వెడల్పాటి పెనం పెట్టి గంటసేపు పెద్ద మంట మీద కాలుస్తాం. పెనం అంచు ముందుకొచ్చి వేడంతా నాబ్‌ల మీదికే కొడుతుంది. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, తర్వాత పెళుసెక్కుతుంది. పొంగిన పాలు, పిండి పోయి కడ్డీ బిగుసుకుంటే బలంగా తిప్పుతాం, అప్పుడు పగులుతుంది.

చూసుకునే పద్ధతి. మామూలు పొయ్యిలో నాబ్ బంద్ దగ్గరికి రాగానే లోపలి స్ప్రింగు దాన్ని బయటికి తోస్తుంది, వేలికి టక్‌మని తెలుస్తుంది. ఆ తర్వాత నొక్కకుండా తిప్పితే కదలకూడదు. కదిలిందా, నాబ్ జారుతున్నట్టే. గీత ఎటు ఉన్నదని చూడటం పని కాదు. అప్పటికప్పుడు బంద్ చేయాలంటే ముందు రెగ్యులేటర్ బంద్ చేసి, పక్క బర్నర్ మంచి నాబ్ పీకి దీనికి పెట్టి తిప్పండి. కటింగ్ ప్లేయర్‌తో కడ్డీని తిప్పితే చదును అరిగిపోతుంది, తర్వాత కొత్త నాబ్ కూడా జారుతుంది.

కొత్త నాబ్‌కు నాలుగు చాయ్‌ల ఖర్చు. పాతది చేతిలో పట్టుకొనే దుకాణానికి రండి. చదును కొన్నింటికి పైకి, కొన్నింటికి పక్కకు ఉంటుంది, పొడుగులు వేరు. రంధ్రంలో అగరొత్తుల పెట్టె అట్ట మడిచి పెట్టడం, ఫెవిక్విక్ పోయడం చాలా ఇండ్లలో చూసిన. అట్ట నెలకు జారుతుంది. ఫెవిక్విక్ కడ్డీని సందులో అతికిస్తే నాబ్ నొక్కుడు పడదు.

నాబ్ బాగానే ఉండి బిగుసుకుంటే లోపలి ఇత్తడి కాక్‌లో, అంటే గ్యాస్‌ను తెరిచి మూసే వాల్వులో, గ్రీజు ఎండిపోయింది. కొబ్బరినూనె పోయకండి. నూనె పోస్తే లోపల ఉన్న గ్రీజు కరిగిపోతుంది, నాలుగు రోజులు మెత్తగా తిరిగి ఆ తర్వాత కాక్ నుంచే లీకు మొదలవుతుంది. విప్పి, తుడిచి, వేడికి తట్టుకునే గ్రీజు పెట్టాలి. అది మెకానిక్ పని.

రాత్రి రెగ్యులేటర్ బంద్ చేస్తే మంట కొన్ని సెకన్లు ఆడి ఆరుతుంది, అది పైపులో మిగిలిన గ్యాస్, లోపం కాదు. కానీ అట్లా మంట ఆర్పి నాబ్ తెరిచే వదిలేసే వాళ్లున్నారు. పొద్దున జరిగేది పెద్దమ్మ ఇంట్లో జరిగిందే. ముందు నాబ్, మంట పోయిందని కంటితో చూసినాక రెగ్యులేటర్. పొద్దున బండ తిప్పేముందు నాబ్‌లన్నీ ఒకసారి తడమండి.

పొయ్యి లోపలి గొట్టం పగలడం, రెగ్యులేటర్ లోపలి పొర చిరగడం కూడా ఉంటాయి, ఏడాదికి ఒకటో రెండో చూస్తాను. రెగ్యులేటర్‌ను మీ గ్యాస్ ఏజెన్సీ వాళ్లే మార్చాలి, బజారులో కొనకండి. గొట్టమైతే పొయ్యి నా దగ్గరికి తెండి.