కండరాల జబ్బు ఉన్నవారికి యూడీఐడీ కార్డు: దరఖాస్తు విధానం, ముందే చేయించుకోవాల్సిన ఊపిరి పరీక్షలు

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మస్క్యులర్ డిస్ట్రోఫీ (కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు) ఒకటి. కాబట్టి ఈ జబ్బు ఉన్న పిల్లలూ పెద్దలూ యూడీఐడీ కార్డుకు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు, దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈ కార్డు కోసం ఉన్న స్వావలంబన్ కార్డు వెబ్‌సైట్‌లో పేరు, ఆధార్, చిరునామా నింపి, ఫొటో, సంతకం లేదా వేలిముద్ర అప్‌లోడ్ చేయాలి. వైకల్యం రకం అడిగిన చోట మస్క్యులర్ డిస్ట్రోఫీ అనే ఎంచుకోండి. దగ్గర్లోని ఆసుపత్రిని ఎంచుకుని పంపగానే ఎన్‌రోల్‌మెంట్ నంబరు వస్తుంది, దాన్ని రాసి పెట్టుకోండి. ఇంట్లో చేసుకోలేనివారు మీసేవకు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో సదరం (వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే శిబిరం) స్లాట్ కోసం గ్రామ, వార్డు సచివాలయంలో అడగాలి. ఆ సర్టిఫికెట్ అక్కడ చాలా ముఖ్యం. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన తీవ్ర కండరాల క్షీణత బాధితులకు ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు.

మెడికల్ బోర్డు ముందుకు వెళ్లేటప్పుడు జన్యు పరీక్ష, సీపీకే (కండరాలు దెబ్బతింటున్నాయా అని చూసే రక్తపరీక్ష), న్యూరాలజిస్ట్ చీటీలు అన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోండి. బోర్డు ముఖ్యంగా కాళ్లూ చేతుల బలం, నడక, కీళ్ల కదలిక చూసి శాతం వేస్తుంది. చాలా పథకాలకు కనీసం 40 శాతం ఉండాలి. రాత్రి నిద్రెలా పడుతోంది, ఊపిరి ఎలా ఆడుతోంది అని అక్కడ ఎవరూ అడగకపోవచ్చు. అందుకే ఎలాగూ ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న ఈ సమయంలోనే పల్మనాలజిస్ట్‌ను (ఊపిరితిత్తుల డాక్టరును) కూడా కలవమని గట్టిగా చెబుతున్నాను.

ఈ జబ్బులో ఊపిరి కండరాలు కూడా బలహీనపడతాయి. ఆ ఇబ్బంది ముందు రాత్రిపూటే బయటపడుతుంది. కలలు వచ్చే నిద్ర దశలో శ్వాస దాదాపు మొత్తం డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే ముఖ్యమైన ఊపిరి కండరం) మీదే ఆధారపడుతుంది. అది నీరసిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. పగలు చూస్తే మనిషి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. పొద్దున లేవగానే తలనొప్పి, టిఫిన్ సయించకపోవడం, రాత్రి పదేపదే మెలకువ రావడం, పక్కకు తిప్పమని పిలవడం, క్లాసులో కునికిపాట్లు, వెల్లకిలా పడుకోలేక దిండ్లు పెంచుకోవడం: వీటిని బద్ధకమనో, టెన్షన్ వల్లనో అనుకుని వదిలేయకండి.

స్పైరోమెట్రీని (గొట్టంలోకి ఊదించి చేసే ఊపిరి పరీక్షను) కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి చేయమని అడగండి. పడుకున్నప్పుడు ఎఫ్‌వీసీ (నిండా పీల్చి గట్టిగా ఊదగలిగే మొత్తం గాలి) బాగా పడిపోతే డయాఫ్రమ్ బలహీనపడిందని అర్థం. స్లీప్ స్టడీతో పాటు రాత్రి కార్బన్ డయాక్సైడ్ కూడా కొలిపిస్తే మంచిది, ఒక్క ఆక్సిజన్ రీడింగ్ చూసి నిశ్చింతగా ఉండొద్దు. అవసరమైతే డాక్టరు బైపాప్ (మాస్కు ద్వారా ఊపిరి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడితో గాలి ఇచ్చే మెషిన్) రాస్తారు. ఊపిరి కండరాలే బలహీనంగా ఉన్నవారికి ఎప్పుడూ ఒకే ఒత్తిడితో గాలి ఇచ్చే మామూలు సీపాప్ సాధారణంగా సరిపోదు. ఇంకో మాట. ఊపిరికి ఆసరా ఇవ్వకుండా ఉత్త ఆక్సిజన్ పెడితే వేలికి పెట్టిన మీటరులో అంకె బాగానే కనబడుతుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెరిగిపోతుంది. అది ప్రమాదం. ఎమర్జెన్సీలో కొత్త డాక్టరుకు ఈ సంగతి ముందే చెప్పండి. నిద్రమాత్రలు సొంతంగా వాడొద్దు.

బైపాప్ చీటీ, పరీక్షల రిపోర్టుల నకళ్లు కూడా అదే ఫైల్లో ఉంచండి. ఆర్థిక సాయం కోసం అడిగినప్పుడు అవి అవసరం కావచ్చు.

బోర్డు తీర్పు సరిగా లేదనిపిస్తే అదే చట్టం కింద అప్పీలు చేసుకునే హక్కుంది. సర్టిఫికెట్ తాత్కాలికమైతే గడువు తేదీ చూసుకుని ముందే రెన్యూవల్‌కు పెట్టండి. డుషెన్ (చిన్నతనంలోనే మొదలయ్యే మస్క్యులర్ డిస్ట్రోఫీ) రకం ఉన్న పిల్లలకు ఊపిరి పరీక్ష నడుస్తున్నంత కాలం ఏడాదికోసారి, చక్రాల కుర్చీకి వచ్చాక ఆరు నెలలకోసారి చేయించాలి.