పెళ్లి రిసెప్షన్‌లో మైకు అందుకునే ముందు

మన పెళ్లిలో ముహూర్తం వేళ ప్రసంగానికి చోటు లేదు. జీలకర్రబెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు గడియ చూసుకుని ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. మైకు పురోహితుడిది, మిగతా చప్పుడంతా మేళం వాళ్లది. అలాగని పెళ్లిలో నలుగురి ముందు మాట్లాడటం మనకు కొత్తేమీ కాదు. ప్రవర చెప్పడమంటే ఫలానా గోత్రం, ఫలానావారి మునిమనవడు, మనవడు, కొడుకు అని మూడు తరాల పేర్లతో సభకు పరిచయం చేయడమే కదా. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ముందురోజు జరిగే ఎదుర్కోలులో పండితులు రెండు పక్షాలై, మావారు గొప్పంటే మావారు గొప్పని వాదించుకుంటారు. స్నేహితులు పంచరత్నాలు, అంటే ఐదు పద్యాలు, రాసి, అచ్చు వేయించి, పెళ్లిలో చదివి, ఫ్రేము కట్టించి ఇచ్చిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. ఇప్పుడు ఆ పని సంగీత్‌కీ రిసెప్షన్‌కీ మారింది. అమెరికాలో జరిగే మన పెళ్లిళ్లలో తోబుట్టువులు, స్నేహితులు మాట్లాడటం కార్యక్రమంలో భాగమే అయిపోయింది.

ఇలాంటి ప్రసంగాలు చెడేది ఎక్కువగా మాటల వల్ల కాదు, వేళ కుదరక. అందుకే కాగితం పట్టుకునే ముందు వేళ తేల్చుకోండి.

ఎప్పుడు, ఎంతమంది

రిసెప్షన్‌లో ఫోటోల వరస ఒకసారి మొదలైతే ఇక ఆపలేం. 400 మంది నలుగురేసి చొప్పున వేదిక ఎక్కితే 100 గుంపులు. గుంపుకి అర నిమిషమైనా 50 నిమిషాలు. ఆ వరసను మధ్యలో ఆపి మైకు తీసుకుంటే, చేతిలో గిఫ్టు కవరుతో నిలబడ్డ పెద్దాయన మీ మాట వినడు, తిరుగు బస్సు గురించి ఆలోచిస్తాడు. భోజనాలు తెరిచాక మాట్లాడితే సగం హాలు ఖాళీ. మిగిలేది ఒక్కటే సమయం: జంట వచ్చి కూర్చున్న వెంటనే, వరస మొదలవకముందు. శుభలేఖలో 7 గంటలని వేస్తే జనం నిండేది 7:45కి. ఆ పావుగంట మాటలకు తీసుకుని, 8 గంటలకు వరస వదలండి. ఈ సంగతి క్యాటరింగ్ సూపర్‌వైజర్‌కి పొద్దున్నే చెప్పాలి, లేకపోతే ఆయన తన అలవాటు ప్రకారం ఏడున్నరకే డైనింగ్ హాలు తెరిచేస్తాడు.

పిలుపులు 400 దాటితే రిసెప్షన్‌లో ప్రసంగాలే వద్దని మా గట్టి అభిప్రాయం. అంత జనాన్ని ఆకలితో కూర్చోబెట్టడం మర్యాద కాదు. నూరు, నూటయాభై మంది దగ్గరివాళ్లే ఉండే సంగీత్ రాత్రికి మార్చండి. అక్కడ మాట్లాడేవాడు తెలిసినవాడే, వినేవాళ్లూ తెలిసినవాళ్లే. విదేశాల్లో బల్లలు వేసి కూర్చోబెట్టే రిసెప్షన్లలో చిక్కు తక్కువ. జంట లోపలికి వచ్చాక, వడ్డన మొదలయ్యేలోపు మాట్లాడితే సరిపోతుంది. హాలుకు మూసే గంట ఉంటుందని మాత్రం మరవద్దు.

నలుగురు మాట్లాడితే చాలు, అందరూ కలిపి 15 నిమిషాలు. పిలిచినవారు కాబట్టి మొదట అమ్మాయి తండ్రి లేదా ఇంటి పెద్ద రెండు నిమిషాలు స్వాగతం చెప్పాలి. తర్వాత అమ్మాయి వైపు ఒకరు, అబ్బాయి వైపు ఒకరు, చివర్లో జంట కృతజ్ఞతలు. రెండు వైపులకూ సంఖ్య సమానంగా ఉండాలి. ఇటు ముగ్గురు మాట్లాడి అటు ఒక్కరే మాట్లాడితే ఆ లెక్క ఏళ్ల తరబడి గుర్తుంటుంది. ‘ఇంకెవరైనా మాట్లాడతారా?’ అని యాంకర్ అడగకూడదు. అలా అడిగితే మైకు పట్టుకున్న మనిషి చేతిలోంచి దాన్ని తిరిగి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. పేర్లు, వరస, నిమిషాలు రాసిన కాగితం మూడు కాపీలు తీసి యాంకర్‌కి, సౌండ్ ఆపరేటర్‌కి, వీడియో తీసేవాళ్లకు ఇవ్వండి.

రాయడం

వేదిక మీద తాపీగా మాట్లాడితే తెలుగులో నిమిషానికి సుమారు 90 మాటలు పడతాయి. మూడు నిమిషాలంటే 270 మాటలు, అంటే చేతిరాతలో పేజీన్నర. అందులో నాలుగు పనులు జరగాలి: మీరు ఎవరో, ఏమవుతారో ఒక్క వాక్యంలో చెప్పడం, మీవాళ్ల గురించి ఒకే ఒక్క సంఘటన, కొత్తగా వచ్చినవాళ్ల గురించి మీ కళ్లతో చూసిన ఒక మాట, దీవెన లేదా శుభాకాంక్ష.

ఎక్కువ కష్టం ఆ సంఘటన దగ్గరే. ‘మా అక్క చాలా మంచిది, అందర్నీ ప్రేమగా చూసుకుంటుంది’ అని రాస్తే ఆ వాక్యం ఏ అక్కకైనా అతుకుతుంది. దాన్ని ఇలా మార్చి చూడండి: ‘నా ఇంటర్ పరీక్షలప్పుడు నేను తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే, అప్పటికే వంటింట్లో లైటు వెలుగుతూ ఉండేది. అక్క టీ గ్లాసు నా పుస్తకం పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లి పడుకునేది. తనకు ఎనిమిదింటికి ఆఫీసు బస్సు.’ మంచిదన్న మాట ఎక్కడా లేదు, విన్నవాళ్లకు మాత్రం అర్థమైపోతుంది. సంఘటన ఎంచుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పది జ్ఞాపకాలు ఒక్కో వాక్యంలో రాసుకోండి. మీరు గొప్పగా కనిపించేవి కొట్టేయండి. పక్కనుంటేనే నవ్వొచ్చేవి, అంటే స్నేహితుల గదికి మాత్రమే పనికొచ్చేవి కొట్టేయండి. మిగిలినవాటిలో వస్తువో, వేళో, చోటో స్పష్టంగా ఉన్నదాన్ని తీసుకోండి.

మూడో పని చాలామంది వదిలేస్తారు. తమ్ముడు అక్క గురించే అంతసేపూ మాట్లాడి బావగారి పేరైనా ఎత్తకుండా దిగిపోతాడు. అవతలి కుటుంబం ఎదురుచూసేది ఆ మాట కోసమే. పెద్దదేమీ అక్కర్లేదు: ‘నిశ్చితార్థం రోజు మా నాయనమ్మ మెట్లు దిగలేకపోతుంటే, ఎవరూ చెప్పకముందే బావగారు వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకున్నారు.’ అంతే చాలు.

సంబోధన దగ్గర జాగ్రత్త. రోజూ ‘ఒరేయ్’ అని పిలుచుకునే స్నేహితుడైనా, వియ్యాలవారి ముందు ‘వాడు, వీడు’ వద్దు. పేరు పెట్టి, ‘తను’ అనండి. అక్క భర్త బావగారు, అన్న భార్య వదిన. ‘పెద్దలందరికీ నమస్కారం’ అన్న ఒక్క ముక్కతో సభా మర్యాద తీరిపోతుంది. పేర్లు చదవడం మొదలుపెడితే ఎవరో ఒక పెద్దనాన్నగారి పేరు తప్పక జారిపోతుంది. కృతజ్ఞతలు చెప్పేవాళ్లు కూడా మనుషుల్ని కాక పనుల్ని తలచుకుంటే మంచిది: ‘విడిది చూసుకున్నవాళ్లకు, మూడు రోజులుగా వంటశాల దగ్గర నిలబడ్డవాళ్లకు’ అంటే ఎవరి పేరూ తప్పిపోదు.

కట్నకానుకలు, జీతం ప్యాకేజీ, వీసా, ఒంటి రంగు, బరువు, కుదరని పాత సంబంధాలు, మందు పార్టీలు వద్దే వద్దు. ‘ఇక నీ స్వేచ్ఛ అయిపోయిందిరా’ అన్న పాత జోకు పక్కన కూర్చున్న అమ్మాయిని గుచ్చుతుంది. ‘వచ్చే ఏడాదికి మనవడు’ అన్న దీవెన ఎవరికి ఎక్కడ నొప్పి కలిగిస్తుందో మనకు తెలియదు. కాలం చేసిన తండ్రినో తాతగారినో తలచుకోవాలనుకుంటే ఒకటి రెండు వాక్యాల్లో తలచుకోండి. ఆ మాట వస్తుందని ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

మంత్రం ముక్క వాడాలనుకుంటే అర్థం సరిచూసుకోండి. ‘నాతిచరామి’ అంటే నాతితో, అంటే స్త్రీతో, కలిసి నడుస్తానని కొందరు వివరిస్తుంటారు. అది న, అతిచరామి. ధర్మంలో, అర్థంలో, కామంలో ఆమెను అతిక్రమించి నడవనని వరుడు ఇచ్చే మాట. ‘మాంగల్యం తంతునానేన’ కూడా వరుడు వధువుతో అనే మాటే. చివర్లోని ‘జీవ శరదాం శతం’ ఆమె నూరు శరత్తులు బతకాలన్న కోరిక. దాన్ని జంటకు మీరిచ్చే దీవెనగా చదివితే తెలిసినవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది. దీవెనకు ‘శతమానం భవతి’ ఉంది. అంతకంటే మీ ఇంటి తెలుగులో ఒక చిన్న మాట ఇంకా నిండుగా ఉంటుంది.

సభలో తెలుగు రానివాళ్లు ఉంటే ప్రతి వాక్యం రెండుసార్లు చెప్పకండి, మూడు నిమిషాలు ఆరవుతాయి. సంఘటన ఇంగ్లీషులోనో హిందీలోనో చెప్పి, తాతయ్య, అమ్మమ్మల కోసం దీవెన తెలుగులో చెప్పండి.

మైకు, కాగితం, నిలబడే చోటు

ఫోన్ చూసి చదవకండి. స్క్రీన్ ఆరిపోతుంది, సరిగ్గా అప్పుడే ‘హాలు ఎక్కడ?’ అని ఎవరో కాల్ చేస్తారు. పోస్టుకార్డు సైజు అట్టముక్కలు మూడు తీసుకుని, పెద్ద అక్షరాలతో ఒక వైపే రాసి, మూలన అంకె వేసుకోండి. గట్టిగా పైకి చదివి మూడుసార్లు సాధన చేయండి, ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి నిమిషాలు చూసుకోండి. చదువుతుంటే నాలుక తడబడిన వాక్యాన్ని రెండుగా విరగ్గొట్టండి.

మైకు నోటికి మూడు నాలుగు వేళ్ల దూరంలో, గడ్డం దగ్గర కాస్త వాలుగా పట్టుకోవాలి. సినిమా పాటగాళ్లలా పైన జాలీని గుప్పిట్లో మూస్తే గొంతు మొద్దుబారుతుంది, కీచుమని కూత కూడా వస్తుంది. ఆ కూత ఎందుకంటే స్పీకర్ నుంచి వచ్చిన శబ్దాన్నే మైకు మళ్లీ అందుకుంటుంది. అందుకే స్పీకర్ బాక్సులకు ముందు నిలబడకూడదు, వాటికి వెనకగా జరగాలి. కార్డ్‌లెస్ మైకైతే కొత్త బ్యాటరీలు వేయించి, వైరున్న మైకు ఒకటి పక్కన ఉంచమనండి. మాటలయ్యేదాకా బ్యాండును, మేళాన్ని ఆపమని వాళ్ల పెద్దకు ఒక మనిషి వెళ్లి చెప్పాలి, వేదిక మీంచి చేత్తో సైగ చేస్తే అందదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు మైకు మూగబోతే అరవకండి, ఆగి నవ్వండి. వాక్యం మళ్లీ మొదట్నుంచి చెప్పండి.

వేదిక అంచున, జంటకు వీపు చూపకుండా పక్కగా తిరిగి నిలబడండి. సంఘటన సభను చూసి చెప్పాలి, దీవెన జంటను చూసి చెప్పాలి. ఫోటోలు వేయిస్తే ఏడెనిమిది చాలు. అవి పెన్‌డ్రైవ్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ రెండు చోట్లా ఉండాలి, జనం రాకముందే ఒకసారి తెర మీద నడిపి చూడాలి.

చివరి అట్టముక్క మీద జంట పేర్లు, శుభలేఖలో ఉన్నట్టే, పెద్దగా రాసుకోండి. ఇంట్లో ఎప్పుడూ ముద్దుపేరే వాడేవాళ్లకు ఆ క్షణంలో అసలు పేరు తట్టదు. అన్నదమ్ములు, తండ్రులు మాట్లాడేటప్పుడు గొంతు పూడుకుపోవడం సహజం. అప్పుడు మాట ఆపి, మైకు దించి, రెండు గుక్కల నీళ్లు తాగండి. అందుకు నీళ్ల సీసా ముందే వేదిక అంచున పెట్టించాలి. అయినా గొంతు పెగలకపోతే, అవే మాటలు రాసిన రెండో కాపీ చేతిలో ఉన్న చెల్లో, అమ్మో పైకి వచ్చి, ఆగిన వాక్యం దగ్గర్నుంచి చదివేలా ముందే అనుకుని ఉండండి.